కొన్న పిండి, ఇంటి పూర్ణం

ఉగాది మరునాటి పొద్దున మా అనంతపురం ఇళ్ళలో కొత్త పలహారమంటూ ఏదీ వుండదు. ముందురోజు మిగిలిన ఓళిగలను పెనం మీద చుక్క నేతితో వెచ్చచేసి, గిన్నెలో వేడి పాలు పోసి పిల్లల ముందు పెట్టేస్తాము. కొందరు పాలలో తుంచుకొని తింటారు. కొందరు ఓళిగను చుట్టచుట్టి కొరుక్కొని, మధ్యమధ్య పాలు గుటకవేస్తారు. పండుగనాటి ఓళిగ కంటే ఈ మరునాటి ఓళిగకే రుచి ఎక్కువని వాదించేవాళ్ళు మా యింట్లోనే ఇద్దరున్నారు.

ఓళిగ అంటే ఏమిటా అని కోస్తా సోదరీమణులు కనుబొమలు ముడివేయనక్కరలేదు. అది మీ బొబ్బట్టే. కొన్ని చోట్ల భక్ష్యమంటారు, కొన్ని చోట్ల పోలె అంటారు, కన్నడంలో హోళిగె. బళ్ళారి మాకు పొరుగే కాబట్టి పేరు అటునుంచి ఇటు వచ్చిందా, ఇటునుంచి అటు వెళ్ళిందా అని తెలుగు చెప్పుకొని బతికే నేను తగవు పెట్టుకోవచ్చు గాని, విస్తరి ముందు కూర్చున్నవాళ్ళెవరూ ఆ సంగతి అడగరు.

మా యింట్లో ఓళిగలు చేయడం మా అత్తగారి సొత్తు. ఇరవయ్యేళ్ళకు పైగా నేను ఈ ఇంటి కోడలిని. కళాశాలలో పాఠం చెప్పి సాయంత్రం ఇంటికొచ్చి వంటకూడా చేస్తానే గాని, ఓళిగల పిండి మాత్రం ఏనాడూ నా చేతికి రాలేదు. ఆ పిండి కలపడమంటే మాటలు కాదు. మైదాలో చిటికెడు ఉప్పు, రవ్వంత పసుపు వేసి, చపాతీ పిండికంటే జారుగా కలిపి, నూనె పోస్తూ అరచేతి మడమతో అదిమి, ఎత్తి కొట్టి, మళ్ళీ అదిమి, లాగితే జిగురులా సాగేదాకా పిసకాలి. పైన నూనె పోసి రెండు గంటలు నాననివ్వాలి. సరిగా పిసకని పిండి పూర్ణాన్ని పట్టుకోలేక పెనం మీదే చిరిగిపోతుంది. మైదాలో వుండే జిగురు పదార్థం నీటితో కలిసి, పిసికినకొద్దీ దారాల్లా అల్లుకొంటుంది. నానితే ఆ అల్లిక మెత్తబడి ఎంత పలచగా తట్టినా సాగుతుంది. మా అత్తగారు ఈ శాస్త్రమేదీ చదవకుండానే పిండిమీద వేలు నొక్కిచూచి "ఇంకా అర్ధగంట" అని చెప్పేవారు.

రెండేళ్ళ క్రితం ఆ వేళ్ళకు కీళ్ళవాతం వచ్చింది. పొద్దున లేచేసరికి పిడికిలి ముడుచుకోదు. డాక్టరు మందులిచ్చి, బరువు పనులు వద్దన్నాడు. ఆ యేడు ఉగాదికి నాకు పరీక్షల డ్యూటీ పడింది. సరే కదా అని బజారులో ఓళిగల అంగడికి వెళ్ళి, అప్పటికప్పుడు పెనం మీద కాల్చి ఇచ్చేవే, రెండు డజన్లు కట్టించుకొని వచ్చాను. దేవుడి ముందు పెట్టాము. అందరమూ తిన్నాము. అత్తగారు మాత్రం పళ్ళెంలో ఓళిగను అటూ ఇటూ తిప్పి, ఒక తునక నోట్లో వేసుకొని, తక్కినది మనవరాలి పళ్ళెంలోకి జరిపారు.

"బాగలేదా అత్తా?" అన్నాను.

"బాగనే ఉండాది. ఎవురో చేసినారు, మనం తింటాండాం" అన్నారు.

అంతే. కోపం లేదు, నిష్ఠూరం లేదు. కాని నాకు ఆ రోజంతా అన్నం సయించలేదు. కొన్నందుకు కాదు, ఆమెకు ఇంట్లో మిగిలిన ఒకే ఒక పనిని నేను డబ్బిచ్చి బయటివాళ్ళకు అప్పగించి వచ్చానే అనిపించింది.

ఇక రెండో చిక్కు మా అమ్మాయి. ఇంటర్మీడియట్ చదువుతున్నది. ఆరున్నరకు బస్సు. ఇడ్లీ వద్దు, దోశకు టైము లేదు, ఉగ్గాని పొద్దున్నే కారం. వేడి పాలు సగం తాగి, సంచీ తగిలించుకొని పరుగు. మధ్యాహ్నం డబ్బా తెరిచేదాకా కడుపు ఖాళీ. ఈ సంగతి చెబితే నా తోటి ఉపాధ్యాయినులు నలుగురూ "మా యింట్లోనూ అంతే" అన్నారు. పొద్దున్నే పిల్లల నోటికి హితవయ్యేది తీపి. ఆ తీపి బేకరీ బన్ను రూపంలో లోపలికి పోతోందే గాని, అందులో పంచదార తప్ప పోషణ ఏమున్నది?

ఈ రెండు చిక్కులకూ ఒకే మందు సరుకుల అంగడిలోని ఐసు పెట్టెలో దొరుకుతుందని నేను అనుకోలేదు.

మా ఊళ్ళోనూ ఈమధ్య పెద్ద అంగళ్ళు వచ్చాయి. వాటిలో ఒక మూల గాజు మూతల ఐసు పెట్టెలుంటాయి. బఠానీలు, ఐస్ క్రీముల పక్కన మలబారు పరోటాల పొట్లాలు. పచ్చి పిండిని పొరలు పొరలుగా చుట్టి, వొత్తి, గడ్డకట్టించి అమ్ముతారు. ఇంటికి తెచ్చి పెనం మీద వేస్తే చాలు. నా చేతిలో పొట్లం చూచి మా అత్తగారు బుగ్గన చేయిపెట్టుకొన్నారు.

"ఏందమ్మా ఇది? పిండి గూడ కొంటారా ఎవురైనా?"

కొంటారు. మన దేశంలో ఇప్పటి సంగతి గాని, అమెరికాలో ఇది పాత ముచ్చట. కెంటకీ రాష్ట్రంలో లూయీవిల్ అనే ఊళ్ళో లైవ్లీ విలోబీ అనే రొట్టెల వ్యాపారి, కలిపిన పిండిని డబ్బాలో బిగించి చల్లగా నిలవచేసే పద్ధతికి 1931లో పేటెంటు సంపాదించాడు. తరువాత ఆ సరుకు పిల్స్‌బరీ కంపెనీ చేతికి వచ్చి ఇంటింటికీ పాకింది. డల్లాసు దగ్గర కాపురముంటున్న మా ఆడబిడ్డ కూతురు ఫోనులో వాళ్ళ అవ్వకు ఆ డబ్బా తెరిచి చూపించింది. చుట్టూ కాగితం చించి అతుకు మీద చెంచాతో నొక్కగానే టప్పుమని పేలి, పిండి ఉబ్బుకొని బయటికి వచ్చింది. మా అత్తగారు ఉలిక్కిపడి "పిల్ల చెయ్యి చూసుకోమనండి" అన్నారు. ఆ పిండిలో కొబ్బరి, బెల్లం పెట్టి చుట్టి, ఆదివారం పొద్దున పిల్లలకు పెడుతుందట. ఓళిగలు చేసే తీరిక అక్కడెవరికున్నది!

పొరల పిండిలో తీపి పెట్టి కాల్చడం దొరలు నేర్పిన విద్య అని అనుకోనక్కరలేదు సుమా. పన్నెండో శతాబ్దంలో కల్యాణి చాళుక్యరాజు మూడవ సోమేశ్వరుడు రాయించిన మానసోల్లాసంలో గోధుమపిండిని పలచగా సాచి, బోర్లించిన కుండమీద కాల్చే భక్ష్యం వున్నది. మన పాత కావ్యాల్లో విందుల వర్ణన వచ్చినప్పుడల్లా మండెగలు కనబడతాయి. బెళగావి వైపు పెళ్ళిళ్ళలో ఈనాటికీ మండిగెలను బోర్లించిన పాత్రమీదే కాలుస్తారు. ఆ కుండే మన మొదటి ఓవెనని నా ఊహ. బేకరీ రుచి మాత్రం మాకు బెంగుళూరు నుంచి వచ్చింది. హాసన్ ప్రాంతపు అయ్యంగార్లు బెంగుళూరులో పెట్టిన బేకరీల పేరు తగిలించుకొని మా ఊరిలాంటి ఊళ్ళలోనూ ఎన్నో అంగళ్ళు వెలిశాయి. రెండు పొరల మధ్య కొబ్బరి, టూటీ ఫ్రూటీ పెట్టి కాల్చి ముక్కోణపు ముక్కలుగా కోసి ఇచ్చే దిల్ పసంద్ తినకుండా మా తరం కళాశాల చదువు పూర్తికాలేదు.

నా మొదటి ప్రయత్నం గూర్చి చెప్పడానికి సిగ్గుపడుతున్నాను, అయినా చెబుతాను. ఏప్రిల్ నెల ఆదివారం మధ్యాహ్నం మూడు గంటలకు మొదలుపెట్టాను. బయట నలభైరెండు డిగ్రీల ఎండ. అంగడినుంచి పొట్లాన్ని మామూలు సంచీలో వేసుకొని, దారిలో కూరగాయలు కూడా బేరమాడి, ఇంటికి చేరేసరికి పరోటాలు ఒకదానికొకటి అంటుకొని ముద్దయినాయి. ఆ ముద్దను పంతానికి చపాతీల కర్రతో వత్తాను. అందులో తురిమిన బెల్లం, కొబ్బరి పెట్టి మడిచాను. ఓవెనులో పెట్టిన పది నిమిషాలకు బెల్లం పాకమై, అంచులు తెంచుకొని పళ్ళెంమీద పారి, మాడి, బొగ్గయింది. పిండి పొంగలేదు, అట్టముక్కలా బిగుసుకున్నది. మావారు ఒక ముక్క కొరికి, పంటికి పనిచెప్పే పలహారమని మెచ్చుకొన్నారు. పళ్ళెం తోమడానికి రెండు రోజులు పట్టింది.

తప్పెక్కడ జరిగిందో ఓపికగా చూచుకొంటే మూడు తప్పులు. ఈ పొరల పిండి పొంగడంలో ఈస్టు ప్రమేయం లేదు. పిండికి పిండికీ మధ్య కొవ్వు పొర వుంటుంది. వేడి తగలగానే పిండిలోని నీరు ఆవిరై పైకి తోస్తుంది. మధ్యనున్న కొవ్వు వల్ల పొరలు అతుక్కోక విడివిడిగా లేస్తాయి. ఓవెనులోకి వెళ్ళకముందే ఆ కొవ్వు కరిగిపోతే పొరలన్నీ ఏకమై ముద్దవుతాయి. కర్రతో బలంగా వత్తినా అంతే. అందుచేత పిండి చల్లగా వుండాలి, దాన్ని వత్తకూడదు. మూడోది బెల్లం తప్పు. దాన్ని దిద్దింది నేను కాదు, మా అత్తగారు.

ఆ సాయంత్రం ఆమె మాడిన పళ్ళెం చూచి, "బెల్లాన్ని ఒంటిగా పెడితే నిలస్తాదా? పట్టుకునేదానికి ఏదన్నా ఉండద్దా?" అన్నారు. లోపలికి వెళ్ళి పుట్నాల డబ్బా తెచ్చారు. వేయించిన శనగపప్పు పొడి రెండు చెంచాలు బెల్లంలో కలిపితే, బెల్లం కరిగినప్పుడు ఆ పొడి దాన్ని పీల్చుకొని పట్టుకొంటుంది. కొబ్బరి కజ్జికాయలకు ఆమె ఎప్పుడూ చేసే పనే. నాకు ఎమ్మే పట్టా వుంది గాని ఈ సంగతి తోచలేదు.

అక్కడినుంచి పూర్ణం ఆమెదయింది, పొట్లం నాదయింది.

పూర్ణానికి ఆమె శనగబేడలు వద్దన్నారు. ఉడకబెట్టిన బేడల పూర్ణం మర్నాటికే మా ఎండలకు పులుస్తుంది. శనక్కాయ విత్తనాలైతే నిలవుంటాయి, పైగా ఇంటి పంట. కర్ణాటక ఉత్తర జిల్లాల్లో శనక్కాయ ఓళిగలు సంక్రాంతికి చేసేవే. మా జిల్లాకు శనక్కాయకూ వున్న సంబంధం మీకు తెలియనిది కాదు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లకు అటూఇటూ వాన పడే ఈ ఎర్రనేలలో, కొర్ర, సజ్జ, జొన్న వుండిన పొలాల్లోకి శనక్కాయ వచ్చి, దేశంలోనే అత్యధికంగా ఆ పంట వేసే జిల్లాల్లో మాది ముందు నిలిచింది. వాన వచ్చిన యేడు నవ్వించింది, రాని యేడు అప్పులపాలు చేసింది. ఈమధ్య దాని విస్తీర్ణం తగ్గుముఖం పట్టింది. 2022 ఏప్రిల్‌లో జిల్లాను రెండుగా చీల్చినప్పుడు శనక్కాయ పరిశోధనా స్థానమున్న కదిరి, బెల్లం మండికి పేరుపడ్డ హిందూపురం రెండూ శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్ళాయి. అయితేనేం, బెల్లానికి, విత్తనాలకు జిల్లా సరిహద్దు అడ్డమా!

శనక్కాయ విత్తనాల్లో నూటికి ఇరవైఅయిదు పాళ్ళ మాంసకృత్తులున్నాయి. మైదాలో ఇంచుమించు పది పాళ్ళే. అంటే పొద్దున్నే పరుగెత్తే పిల్లకు ఈ భక్ష్యంలో బలమిచ్చేది కొన్న పిండి కాదు, లోపలి పూర్ణం. కనుక పూర్ణాన్ని దండిగా పెట్టాలని నా పట్టుదల.

ఇక్కడొక హెచ్చరిక. విత్తనాలను తప్పక ఏరుకోవాలి. ముడుచుకొన్నవి, నల్లబడ్డవి, బూజు వాసన వేసేవి, నాలుకకు చేదు తగిలేవి పారవేయండి. పంట చివరిదశలో వానలు ఎగ్గొట్టి చేను ఎండిన యేడు కాయల్లోకి ఒకరకం బూజు సులభంగా చేరి, అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని పుట్టిస్తుంది. అది కాలేయానికి చెడుపు. వేయించినంత మాత్రాన పూర్తిగా పోదు. మా అత్తగారు కళ్ళద్దాలు పెట్టుకొని చేటలో విత్తనాలు ఏరుతూ వుంటే పక్కన కూర్చోవడం నాకొక సుఖం. కీళ్ళు పట్టేసిన వేళ్ళకు పిసకడం రాదు గాని ఏరడం వస్తుంది.

పావుకిలో విత్తనాలను మందపు బాణలిలో సన్నని సెగమీద వేయించాలి. ఎంతసేపని నేను గడియారం చూస్తూ వుంటే ఆమె పడక్కుర్చీలోనుంచే "చిటపట నిలిచిపోనీ" అనేవారు. నిజమే, మొదట చిటపటమంటాయి, తరువాత మాట తగ్గి, కమ్మని వాసన ఇల్లంతా కమ్ముకొంటుంది. అప్పుడు దించి, చల్లారాక పొట్టు నలిపి, చెరగాలి. మిక్సీలో వేస్తే ఆపి ఆపి తిప్పండి. ఒక్కసారిగా తిప్పితే నూనె ఊరి ముద్దవుతుంది. బరకగా వుండాలి. దానికి నూటయాభై గ్రాముల తురిమిన బెల్లం, రెండు చెంచాల వేయించిన నువ్వులు, రెండు చెంచాల ఎండుకొబ్బరి తురుము, రెండు చెంచాల పుట్నాల పొడి, నాలుగు యాలకుల పొడి, చిటికెడు ఉప్పు. నీళ్ళచుక్క తగలనివ్వవద్దు. ఈ పూర్ణం పొడి జాడీలో రెండు వారాలు చెక్కుచెదరదు. చీమల సంగతి మీరు చూసుకోవాలి.

ఇక పిండి. అంగట్లో కొనేటప్పుడు పొట్లం మీది అక్షరాలు చదవండి. పరోటాల్లో పచ్చివి, సగం కాల్చినవి అని రెండు రకాలున్నాయి. మనకు పచ్చివి కావాలి. ఒక్కొక్క పరోటాకు మధ్య పలచని ప్లాస్టిక్ కాగితం వుంటుంది. సగం కాల్చినవి అంచులు అతుక్కోవు. వాటిలో పూర్ణం చల్లి, చుట్టచుట్టి, పెనం మీద కాల్చుకోవచ్చు, అదీ బాగుంటుంది. ఏ నూనె వాడారో కూడా చూడండి, చాలావాటిలో పామాయిలు. పూర్వం ఇలాంటి సరుకుల్లో గట్టిపరచిన కొవ్వులు గుండెకు హాని చేసేవి ఎక్కువగా వుండేవి. నూనెల్లో, కొవ్వుల్లో ఆ ట్రాన్స్ కొవ్వు నూటికి రెండు పాళ్ళు మించకూడదని 2022 జనవరి నుంచి మన దేశంలో నిబంధన వచ్చింది. అయినా ఇది నిత్యం తినవలసిన వస్తువు కాదు. మా యింట్లో వారానికి రెండు పొద్దులకు మించి చేయను. మిగతా రోజులకు సంగటి, ఇడ్లీ వున్నాయి గదా.

పరోటా రొట్టె అవునా కాదా అన్న తగవు కూడా జరిగింది లెండి. 2020లో ఒక బెంగుళూరు కంపెనీ అడిగితే, పరోటా రొట్టె కిందికి రాదు, దానికి నూటికి పద్ధెనిమిది పన్ను అని కర్ణాటకలో అధికారులు తీర్పు చెప్పారు. దేశమంతా నవ్వుకొన్నది. 2025 సెప్టెంబరులో రొట్టె, పరోటా తేడా లేకుండా పన్ను ఎత్తివేశారు. వ్యాకరణం చెప్పుకొనేవాళ్ళకు ఇలాంటి తగవులు పండుగ.

పొట్లాన్ని ఇంటికి తెచ్చేటప్పుడు తడిగుడ్డ చుట్టి, నాలుగు పొరల వార్తాపత్రికలో కట్టుకొని రండి. కరెంటు పోయే వేళలు తెలుసుకొని కొనండి. ఒకసారి కరిగి మళ్ళీ గడ్డకట్టిన పిండి పొంగదు. పని తెల్లవారుజామున పెట్టుకోవాలి. చలిదేశాల పుస్తకాలు చదివితే పిండిని అర్ధగంట బయట పెట్టమంటాయి. అనంతపురంలో ఏప్రిల్ నెలలో అర్ధగంట పెడితే మిగిలేది జావ. అయిదు గంటలకు లేచి, పరోటాను బయటపెట్టి, పళ్ళు తోముకొని వచ్చేసరికి వంగే పదునుకు వస్తుంది. విరగకుండా వంగితే చాలు.

ఒక్కొక్క పరోటాను చాకుతో రెండు అర్ధచంద్రాలుగా కోయండి. ఒక్కొక్క ముక్కలో సగంమీద నిండు చెంచా పూర్ణం పెట్టి, అంచులకు పాలు తడిపి, మడిచి, వేళ్ళతోనో ఫోర్కుతోనో అంచంతా వొత్తండి. పైన పాలు రాసి, చాకు మొనతో ఆవిరి పోవడానికి చిన్న గాటు పెట్టండి. ముందే రెండువందల డిగ్రీలకు వేడిచేసిన ఓవెనులో ఇరవై, ఇరవైఅయిదు నిమిషాలు. బంగారు రంగు దాటి కాస్త ఇటుకరంగు తిరిగేదాకా వుంచితేనే లోపలి పొరలు కాలుతాయి. తొందరపడి తీస్తే లోపల పచ్చి. ఎయిర్ ఫ్రైయరున్నవాళ్ళు నూటఎనభై డిగ్రీల మీద పన్నెండు నిమిషాలకు ఒకసారి చూచుకోండి.

ఓవెను లేదని దిగులు పడవద్దు. పాత ప్రెషరు కుక్కరుకు రబ్బరు, వెయిటు తీసివేసి, అడుగున రెండువేళ్ళ మందాన శుభ్రమైన ఇసుక పోసి, పైన ముక్కాలిపీట పెట్టి, పది నిమిషాలు వేడిచేసి, పళ్ళేన్ని లోపల వుంచి మూతపెట్టండి. సన్నని సెగమీద ముప్పైఅయిదు నిమిషాలు. మా పెన్నలో నీళ్ళకు కరువు గాని ఇసుకకు కాదు. పైభాగం రంగు తిరగదు. చివర పెనం మీద ఒకసారి బోర్లించాలి. ఇసుకో ఉప్పో లేకుండా ఖాళీ కుక్కరును మాత్రం పొయ్యిమీద పెట్టకండి, పాడవుతుంది.

కొందరు బేకరీనుంచి పఫ్ పిండి తెచ్చుకొంటారు. నేనూ ఒకసారి అడిగాను. గల్లాపెట్టె దగ్గర కుర్రవాడు నన్ను వింతగా చూచి, "మేడం, పఫ్పే ఇస్తాం గదా, పిండెందుకు?" అన్నాడు. బతిమాలితే లోపలినుంచి అరకిలో కోసి తెచ్చాడు. అది పరోటాకంటే బాగా పొంగింది, నిజం చెప్పాలి గదా. నాలుగంగుళాల చదరాలుగా కోసి ముక్కోణంగా మడిస్తే చూడముచ్చటగా వుంటుంది. కాని కొవ్వు ఎక్కువ. తిన్నాక అంగిలికి అంటుకొంటుంది.

ఆ వారంలో ఒకనాడు, అయిదున్నరకు మొదటి వాయి సిద్ధమయింది. పళ్ళెంలో ఎనిమిది. ఒక్కదాని అంచుకూడా తెగలేదు. అమ్మాయి జడ వేసుకొంటూ వచ్చి ఒకటి తీసుకొని ఊదుకొంటూ తిన్నది. రెండోది కాగితంలో చుట్టుకొని బస్సుకు వెళ్ళింది. పాలు కూడా పూర్తిగా తాగింది. ఆ గ్లాసును తోమేముందు నేను కాసేపు చూస్తూ నిలుచున్నాను.

అత్తగారు స్నానం చేసి వచ్చి కూర్చున్నారు. విరిచి చూచారు. పొరలు రాలి ఒడిలో పడినాయి. "ఇది ఓళిగా కాదు, కజ్జికాయా కాదు" అన్నారు. నమిలి, కాసేపాగి, "విత్తనాలు ఇంగ రవ్వంత వేగల్ల" అన్నారు. మరొక ముక్క విరుచుకొన్నారు.

తరువాత ఎందుకో పాత సంగతి ఎత్తారు. 1952 కరువునాటికి ఆమె అయిదారేళ్ళ పిల్ల. సీమలో ఊరూరా గంజికేంద్రాలు తెరిచారు. వాళ్ళ అమ్మ చేతిలో ముంత, తన చేతిలో చిప్ప. ఎండలో వరుస. గంజి పోయించుకొని ఇంటికి తెచ్చేలోగా ఒలికిపోతుందని అక్కడే తాగేసేవారట. ఒకనాడు ఎవరో బెల్లం గడ్డ ఒకటి ఇస్తే, వాళ్ళమ్మ దాన్ని కొంగున కట్టి ఇంటికి తెచ్చి, అయిదుగురు పిల్లలకు రాతితో కొట్టి పంచింది. "నా పాలికి ఇంత వచ్చింది" అని బొటనవేలి గోరు చూపించారు. ఆ వేలు పూర్తిగా వంగలేదు.

నేనేమీ అనలేదు. ఆమె పళ్ళెంలో రాలిన పొరలను వేలితో ఒత్తి ఒత్తి ఏరుకొని తిన్నారు. గంజికి నిలబడ్డ తరంవాళ్ళు పళ్ళెంలో ఏమీ మిగల్చరు.

ఇప్పుడు మా యింట్లో ఏర్పాటు ఇది. శనివారం సాయంత్రం ఆమె విత్తనాలు ఏరుతారు. నేను వేయిస్తాను, ఆమె వింటారు. బెల్లం కొలత ఆమెదే. నేను గ్రాముల్లో చెబితే ఆమె గుప్పిట్లో చెబుతారు, రెండూ ఇంచుమించు ఒకటే అవుతాయి. ఈ ఉగాదికి బేడల పూర్ణంతో అసలు ఓళిగలే చేశాము. పిండి నేను పిసికాను, ఆమె పక్కన కూర్చొని "ఇంకా", "ఇంకా" అంటూ వచ్చారు. ఆరు చిరిగినాయి, పదకొండు నిలిచినాయి. అవి దేవుడికి. పొట్లం పిండివి పొద్దుటి బస్సుకు. రెంటికీ పోటీ లేదు.

కాల్చినవి మరునాటికి మిగిలితే ఓవెను మళ్ళీ వెలిగించనక్కరలేదు. మూతలేని పెనం మీద, నూనె లేకుండా, సన్నని సెగమీద అటూ ఇటూ మూడు నిమిషాలు వుంచితే మళ్ళీ కరకరలాడతాయి. మైక్రోవేవులో పెడితే తడి తోలులా సాగుతాయి, పెట్టకండి. మా అత్తగారివి మాత్రం వెచ్చచేయను. ఆమెకు అవి చల్లగానే కావాలి. పాలలో తుంచుకొని, నానబెట్టుకొని తింటారు.